కోటి రూపాయల కరెంటు కారు: లాభం ఎవలిది, రాయితీ ఎవలిది?

ఫోన్ల రీల్స్ చూసే మన పోరగాళ్లకు బీఎండబ్ల్యూ, బెంజ్, టెస్లా పేర్లు కొత్తగాదు. మండలంల ఒక్క బండి లేకున్నా దాని హార్స్‌పవర్ ఎంతనో మనోళ్లకు నోటికొచ్చు. నన్ను గూడ చానమంది అడుగుతుంటరు: "అన్నా, గన్ని పైసలు పెట్టి కరెంటు కారు కొనుడు లాభమేనా? గదే పైసలకు పెట్రోల్ బండి మంచిది రాదా?" అని. కొనేటోళ్లం మనం గాకపోవచ్చు. అయినా ఈ ప్రశ్న మనది గూడ. ఎందుకంటే ఆ బండి ధరల మన పైసలు సుత కలిసి ఉన్నయి.

లెక్కలోకి పోకముందే జవాబు చెప్త. ఖరీదైన కరెంటు కారు, గదే కంపెనీ పెట్రోల్ కారు పక్కపక్కన పెడితే తెలంగాణల కరెంటు కారే చవక పడుతది. కానీ గది చవకగ తయారైతున్నందుకు గాదు, సర్కారు పన్ను ఇడిసిపెట్టినందుకు. ఇగ గదే బండిని 25, 30 లక్షల కరెంటు కారు పక్కన పెడితే దాని ధరకు సాకు దొరుకుడు కష్టం. ఈ రెండు ముక్కలు ఒక్కొక్కటి ఇప్పి చూద్దాం.

పెట్రోల్ లగ్జరీ ధర ఎక్కడికెల్లి వస్తది?

వందేండ్ల సంది పెద్ద కారు అంటే పెద్ద ఇంజిన్. నాలుగు సిలిండర్లకు ఒక ధర, ఆరిటికి ఒక ధర, ఎనిమిదిటికి ఇంకో ధర. ఇంజిన్ల పెట్రోల్ చిన్న చిన్నగ పేలుతనే ఉంటది. ఆ పేలుడు చప్పుడు లోపలికి రాకుంట, ఆ వణుకు సీటుకు తెల్వకుంట చేసుడే అసలు పనితనం. దానికి తోడు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బాక్స్, అది గేరు మార్చినట్టు గూడ తెల్వకూడదు. యాక్సిలరేటర్ తొక్కంగనే బండి ఎగిరి దునకాలె. ఇవన్నీ చేయనీకె ఏండ్లకు ఏండ్లు, వేల కోట్లు ఖర్చు పెట్టి జర్మనీ కంపెనీలు పేరు సంపాదించినయి. పెద్ద ధర అడిగే హక్కు వాటికి ఆడికెల్లి వచ్చింది.

కరెంటు మోటరుకు ఈ కష్టాలు లేవు. మన బావి కాడి మోటరు సంగతి మీకు ఎరికే: స్విచ్ ఏస్తే తిరుగుతది. కారు మోటరు అంతకంటె చాన తెలివైనది గానీ మూల సూత్రం గదే. లోపల పేలుడు లేదు, క్లచ్ లేదు, ఎక్కువ బండ్లల్ల గేరు ఒక్కటే. తొక్కిన క్షణమే పూర్తి బలం చక్రానికి పోతది. పెట్రోల్ ఇంజిన్ తాగిన పెట్రోల్‌ల పావు వంతు, మంచి ఇంజిన్ అయితే మూడో వంతు పైచిలుకు మాత్రమే కదలికగ మారుతది, మిగిలింది వేడి అయిపోతది. మోటరు అయితే తీసుకున్న కరెంటుల 85, 90 శాతం దాక చక్రానికి ఇస్తది.

అంటే నిమ్మళం, మెత్తదనం, వేగం.. లగ్జరీ కంపెనీలు ఇన్నేండ్లు అమ్ముకున్న మూడు సరుకులు కరెంటు బండిల పుట్టుకతోనే వస్తయి. ఈ ముక్క యాదికి పెట్టుకోండ్రి, మల్ల దీనితోనే పనుంటది.

మరి కరెంటు కారుల పైసలు దేనికి పోతయి? బ్యాటరీకి. బ్యాటరీని యూనిట్లల్ల కొలుస్తరు, మన మీటర్ల తిరిగే యూనిటే. 2010 నాడు ఒక్క యూనిట్ దాచుకునే బ్యాటరీకి 1,000 డాలర్లు దాటి ఖర్చు అయ్యేది. 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్లకు దిగిందని బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే చెప్పింది. గట్ల దిగినా 66 యూనిట్ల బ్యాటరీ అంటే ఇప్పటికీ ఆరేడు లక్షల రూపాయల సరుకు.

ఒక జత తీసుకొని లెక్క ఏద్దాం

ఒకటే కంపెనీ, ఒకటే సైజు, రెండూ చెన్నైలనే బిగిస్తరు: బీఎండబ్ల్యూ ఎక్స్‌1 పెట్రోల్, ఐఎక్స్‌1 కరెంటు. 2025 జనవరిల పొడుగు ఐఎక్స్‌1 వచ్చినప్పుడు షోరూం ధర 49 లక్షలు. దాంట్ల 66.4 యూనిట్ల బ్యాటరీ, 204 హార్స్‌పవర్ మోటరు. కంపెనీ చెప్పే దూరం 531 కిలోమీటర్లు. అప్పుడు ఎక్స్‌1 పెట్రోల్ ధర 50 లక్షలకు అటు ఇటు, మూడు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజిన్, 136 హార్స్‌పవర్. లెక్క సులువు కోసం దాన్ని సాఫుగ 50 లక్షలు అనుకుందాం.

ధరలు రెండూ ఒక్క తీరే కనబడుతున్నయి గదా? ఇప్పుడు పన్ను ఒలిచి చూడుండ్రి.

అప్పట్ల గసొంటి పెట్రోల్ కారు మీద జీఎస్టీ 28 శాతం, దాని మీద సెస్ 17 శాతం, మొత్తం 45. ఇంకా పెద్ద ఇంజిన్లకు 50 దాక పోయేది. 50 లక్షల ఎక్స్‌1ల పన్ను తీసేస్తే బండి అసలు ధర 34 లక్షల 48 వేల చిల్లర. మిగిలిన 15 లక్షల 50 వేలు పన్నే.

కరెంటు కారు మీద జీఎస్టీ 5 శాతం. 49 లక్షల ఐఎక్స్‌1ల పన్ను తీసేస్తే బండి అసలు ధర 46 లక్షల 67 వేలు. పన్ను 2 లక్షల 33 వేలు.

పన్నులు లేకుంట చూస్తే కరెంటు బండి పెట్రోల్ బండి కంటె 12 లక్షలు ఎక్కువ. బ్యాటరీ, పెద్ద మోటరు, పొడుగు బాడీ, కంపెనీ లాభం.. అన్నీ ఆ 12 లక్షలల్లనే ఉన్నయి.

ఇగ ఆర్టీఏ ఆఫీసుకు పోదాం. తెలంగాణల 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ 2022 సంది 18 శాతం. 2025ల ఇంకింత పెంచిండ్రు గానీ నేను పాత 18తోనే లెక్క చెప్త. 50 లక్షల ఎక్స్‌1కు లైఫ్ టాక్స్ 9 లక్షలు. ఐఎక్స్‌1కు సున్నా. ఎందుకంటే 2024 నవంబర్‌ల వచ్చిన జీవో 41 ప్రకారం, రాష్ట్రంల కొని ఇక్కడే రిజిస్ట్రేషన్ చేసే కరెంటు బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మాఫీ. గడువు 2026 డిసెంబర్ 31 దాక. అంతకుముందు 2020 పాలసీల మొదటి 5,000 ప్రైవేటు కార్లకే అని ఒక హద్దు ఉండె. కొత్త జీవోల బండ్ల లెక్క మీద ఆ హద్దు తీసేసిండ్రు. ధర మీద హద్దు పెట్టలే.

ఇన్సూరెన్స్ పక్కన పెడితే రోడ్డు మీదికి వచ్చేసరికి పెట్రోల్ బండి 59 లక్షలు, కరెంటు బండి 49 లక్షలు. పెట్రోల్ బండి కట్టిన మొత్తం పన్ను 24 లక్షల 50 వేలు, కరెంటు బండి కట్టింది 2 లక్షల 33 వేలు. నడుమ తేడా 22 లక్షలు.

2025 సెప్టెంబర్ 22 సంది జీఎస్టీ మారింది. సెస్ పోయింది, పెద్ద కార్లకు 40 శాతం ఒక్కటే స్లాబు. కరెంటు బండ్లకు 5 శాతం అట్లనే ఉంచిండ్రు. కొత్త లెక్కల ఎక్స్‌1 షోరూం ధర 48 లక్షల చిల్లరకు దిగాలె, లైఫ్ టాక్స్‌తో 57 లక్షలు. ఐఎక్స్‌1 అదే 49. ఇంకా 8 లక్షలు చవకే.

ఇంకా పెద్ద బండ్లల్ల

2023 జనవరిల బీఎండబ్ల్యూ ఒకే రోజు రెండు పెద్ద బండ్లు తెచ్చింది. పెట్రోల్ 740ఐ ధర కోటి 70 లక్షలు, కరెంటు ఐ7 ధర కోటి 95 లక్షలు. కరెంటుది 25 లక్షలు ఎక్కువ గదా అనుకుంటం. ఆ ధరలనే పట్టుకొని ఇప్పటి మాఫీ లెక్క ఏయండ్రి. 740ఐ మీద 18 శాతం లైఫ్ టాక్స్ అంటే 30 లక్షల 60 వేలు, మొత్తం 2 కోట్ల పైచిలుకు. ఐ7 కోటి 95 లక్షలే. షోరూంల 25 లక్షలు ఎక్కువున్న బండి, ఆర్టీఏ ఆఫీసు దాటంగనే 5 లక్షలు చవకయింది. ఐ7 మీద రాష్ట్రం ఇడిసిపెట్టిన పన్ను 35 లక్షలు. ఒక్క కారు మీద. మన ఊర్ల పక్కా ఇల్లు కట్టుకుంటే ఎంతయితదో మీరే లెక్క చూసుకోండ్రి.

టెస్లా సంగతి జర వేరు. 2025 జులై 15న ముంబైల షోరూం తెరిచి మోడల్ వై అమ్ముడు మొదలువెట్టింది. ధర 59 లక్షల 89 వేల నుంచి. గదే బండి అమెరికాల అప్పుడు 45 వేల డాలర్ల కాడ మొదలయ్యేది, మన పైసలల్ల 38, 39 లక్షలు. తేడా అంత చైనా నుంచి ఓడల వచ్చే బండి మీద దిగుమతి సుంకం. బయట తయారైన కారుకు ధరను బట్టి 70 శాతం నుంచి 110 శాతం దాక సుంకం పడుతది. ఇక్కడ ఫ్యాక్టరీకి 4,150 కోట్లు పెట్టే కంపెనీలకు 15 శాతం సుంకానికే కొన్ని బండ్లు తెచ్చుకోనిస్తమని 2024 మార్చిల కేంద్రం స్కీం ఇచ్చింది. సుంకం లెక్కన చూస్తే టెస్లా కొనేటోడు కేంద్రానికి గట్టిగనే కడుతున్నడు. రాష్ట్రానికి మాత్రం దాని మీద గూడ లైఫ్ టాక్స్ సున్నా.

నడిపే ఖర్చు

కరెంటు బండికి అసలు బలం ఇక్కడున్నది. ఎనిమిదేండ్లల్ల లక్ష కిలోమీటర్లు తిరుగుతడు అనుకుందాం. ఎక్స్‌1 పెట్రోల్‌కు కంపెనీ లీటరుకు 16 కిలోమీటర్లు చెప్తది, హైదరాబాద్ ట్రాఫిక్‌ల 12 వస్తదనుకుంటే 8,333 లీటర్లు. లీటరు 107 రూపాయలు ఏస్తే 8 లక్షల 90 వేలు.

ఐఎక్స్‌1 రోడ్డు మీద ఫుల్ చార్జింగ్‌కు 400 కిలోమీటర్లు ఇస్తదనుకుందాం. చార్జింగ్‌ల పోయే నష్టం గూడ కలిపితే వంద కిలోమీటర్లకు 18 యూనిట్లన్నర. లక్షకు 18,500 యూనిట్లు. పెద్ద ఇండ్ల కరెంటు పై స్లాబుల యూనిట్ 9 రూపాయల 50 పైసల నుంచి 10 రూపాయలు. పది ఏసినా లక్షా 85 వేలు. అంటే 7 లక్షలు మిగులు. ఇంట్ల చార్జింగ్ లేకుంట మొత్తం రోడ్డు మీది ఫాస్ట్ చార్జర్లనే నమ్ముకుంటే, యూనిట్‌కు 22 రూపాయలు ఏస్తే 4 లక్షల చిల్లర. మిగులు 5 లక్షల లోపుకు దిగుతది.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గుల ఖర్చు లేదు. బండి నెమ్మదయేటప్పుడు మోటరే బ్రేకు పని చేస్తది గాబట్టి బ్రేకు ప్యాడ్లు ఎక్కువ రోజులు వస్తయి. కానీ బ్యాటరీ బరువుకు బండి బరువెక్కుతది, టైర్లు జల్ది అరుగుతయి. ఐ7 అయితే 740ఐ కంటె అర టన్ను పైన ఎక్కువ. అంటే ఒక ఆడ బర్రెను ఎక్కించుకొని తిరిగినట్టు.

అమ్మేటప్పుడు

ఏ లగ్జరీ బండి అయినా షోరూం దాటంగనే ధర పడుతది. కరెంటువి ఇంకా ఎక్కువ పడుతున్నయి, ఇది ప్రపంచమంత చూస్తున్నదే. కారణాలు రెండు. ఒకటి, బ్యాటరీ ధర ఏటేటా తగ్గుడుతోని కొత్త బండి చవకైతది, అప్పుడు పాతదాన్ని ఎవలు కొంటరు? ఫోన్ల లెక్కనే. రెండు, బ్యాటరీ మీద అనుమానం. కంపెనీలు మామూలుగ ఎనిమిదేండ్లు, లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తయి. తర్వాత మార్చాలంటే లక్షలల్ల మాట.

అమెరికాల హెర్ట్జ్ అనే కిరాయి కార్ల కంపెనీ 2021ల లక్ష టెస్లాలు కొంటమని చెప్పింది. టెస్లా 2023ల కొత్త బండ్ల ధరలు కోసేసరికి హెర్ట్జ్ పాత బండ్ల విలువ కూలింది. 2024 జనవరిల 20 వేల కరెంటు బండ్లు అమ్ముతమని ప్రకటించి, 24 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టం రాసుకున్నది. కార్లు కొనుడు అమ్ముడే పనిగ బతికే కంపెనీకే గట్లయితే, ఐదేండ్లకోసారి బండి మార్చే కొనుగోలుదారుకు దెబ్బ తగుల్తది. నడిపే ఖర్చుల మిగిలిన 7 లక్షలు ఇక్కడ పోవచ్చు గూడ.

అసలు పోటీ పెట్రోల్‌తోని గాదు

పైన యాదికి పెట్టుకొమ్మన్న ముక్క ఇప్పుడు తీయండ్రి. వేగం, నిమ్మళం కరెంటు బండికి పుట్టుకతోనే వస్తయి.

ఐఎక్స్‌1 సున్నా నుంచి 100 వేగానికి పోనీకె 8.6 సెకన్లు తీసుకుంటది, ధర 49 లక్షలు. 2025ల వచ్చిన టాటా హ్యారియర్ ఈవీ నాలుగు చక్రాల డ్రైవ్ బండి 6.3 సెకన్లల్ల పోతదని కంపెనీ చెప్తున్నది, ధర 28 లక్షల 99 వేల నుంచి. మహీంద్రా బీఈ 6ల 79 యూనిట్ల బ్యాటరీ బండి 6.7 సెకన్లు. దాని పై మోడల్ 26 లక్షల 90 వేలకు పెట్టిండ్రు, బ్యాటరీకి మొదటి ఓనర్‌కు జీవితకాలం వారంటీ. ఐఎక్స్‌1 కంటె పెద్ద బ్యాటరీ, ఎక్కువ వేగం, దాదాపు సగం ధర.

ఇంకో జత. పెట్రోల్ బండ్లల్ల వేగానికి పేరున్న బీఎండబ్ల్యూ ఎం340ఐ వంద వేగానికి 4.4 సెకన్లు తీసుకుంటది, ధర 70 లక్షల పైమాటే. చైనా కంపెనీ బీవైడీ సీల్ పెద్ద మోడల్ 2024ల 53 లక్షలకు వచ్చింది, 530 హార్స్‌పవర్, 3.8 సెకన్లు. పెట్రోల్ కాలంల వేగం కొనాలంటే సంచి నిండ పైసలు పోయాలె. ఇప్పుడు వేగం పెద్ద సరుకు గానేగాదు.

మరి 49 లక్షలు, కోటి 95 లక్షలు పెట్టినోనికి ఏం దొరుకుతది? మంచి సీట్లు, గుంతల కుదుపు మింగే సస్పెన్షన్, బయట చప్పుడు ఆపే అద్దాలు, తోలు పనితనం, ఎన్కసీటు ముంగట 31 అంగుళాల టీవీ. ఇవి అబద్ధాలు గావు, చేయనీకె ఖర్చు అయితది. మిగిలింది బానెట్ మీది బిల్ల. పెళ్లికి పట్టుచీర కట్టినట్టు, నలుగురు చూడాలె. ఆ సరదా తప్పని నేనంటలేను. ఎవల పైసలు వాళ్లిష్టం. కాకపోతే ఆ సరదాకు ప్రజల ఖజానా ఎందుకు సాయం పట్టాలె?

మన బైకుకు ఒక నీతి, వాళ్ల కారుకు ఒక నీతి

మన ఊర్ల ఒక తమ్ముడు 95 వేల పెట్రోల్ బైకు కొంటే లైఫ్ టాక్స్ 12 శాతం, అంటే 11 వేల 400 కట్టాలె. 2025 సెప్టెంబర్ దాక ఆ బైకు మీద జీఎస్టీ 28 శాతం ఉండె, ఇప్పుడు 18. అతను ఆ బైకు మీదనే యూరియా బస్తా తెచ్చుకుంటడు, పాల క్యాను ఏసుకొని పోతడు, రాత్రి నొప్పులొస్తే చెల్లెను దవాఖానకు తీసుకపోతడు. కోటి 95 లక్షల కారు కొన్న పెద్దమనిషి జీఎస్టీ 5 శాతం, లైఫ్ టాక్స్ సున్నా.

"మరి మీ తమ్ముడు గూడ కరెంటు స్కూటర్ కొనుక్కోవచ్చు గదా, దానికి గూడ మాఫీనే" అంటరు. నిజమే, దానికి గూడ మాఫీ ఉన్నది, ఉండాలె. ఇంట్ల మామూలు ప్లగ్గుల పెట్టి నడుపుకునేటోళ్లకు మంచి లాభం గూడ. కానీ మట్టి రోడ్ల మీద బరువులు మోసేటోనికి, రోజుకు వంద కిలోమీటర్లు ఊరూరు తిరిగి సరుకు అమ్మేటోనికి అది ఇంకా అందుబాటుల లేదు. వాడు పెట్రోల్ బైకు కొనేది సరదాకు గాదు.

రెండో వాదన: కరెంటు బండి పొగ ఇడవది, గాలి అందరిది గదా అని. దీంట్ల నిజం ఉన్నది. మన దేశంల కరెంటు నాలుగిట్ల మూడు వంతుల దగ్గర బొగ్గుతోనే తయారైతున్నా, మొత్తం ఆయుష్షు లెక్కన చూస్తే కరెంటు కారు పెట్రోల్ కారు కంటె తక్కువ కార్బన్ ఇడుస్తది. హైదరాబాద్ సిగ్నల్ల కాడ నిలబడ్డోల్లకు పొగ తగ్గుతది. కానీ ఆ తగ్గేది ఒక్క కుటుంబం తిరిగే బండి పొగ. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగి వందల మందిని మోసే డీజిల్ బస్సు జాగల కరెంటు బస్సు పెడితే తగ్గే పొగ ఎంతనో పోల్చుకోండ్రి.

మూడో వాదన: ఉన్నోళ్లు ముందు కొంటేనే తర్వాత మనకు చవకగ వస్తదని. టెస్లా చరిత్ర గట్లనే ఉన్నది: 2008ల ఖరీదైన రోడ్‌స్టర్, 2012ల మోడల్ ఎస్, ఆ పైసలతోని 2017ల కొంచెం చవకైన మోడల్ 3. ఈ వాదన 2012ల నడిచింది. ఇప్పుడు మన దేశంల 8, 10 లక్షలకే కరెంటు కార్లు అమ్ముతున్నరు. దారి తెరుచుకున్నంక గూడ తలుపు తీసేటోనికి కూలి ఇయ్యాల్నా?

ఇగ అసలు లెక్క. కేంద్రం ఇచ్చే 5 శాతం జీఎస్టీ అట్లనే ఉంచి, రాష్ట్రం ఇచ్చే లైఫ్ టాక్స్ మాఫీ ఒక్కటే తీసేద్దాం. ఐఎక్స్‌1 49 లక్షలకు 18 శాతం కలిపితే 57 లక్షల 82 వేలు. పెట్రోల్ ఎక్స్‌1 కొత్త జీఎస్టీతోని 57 లక్షలు. తేడా 80, 90 వేలు. ఇంట్ల చార్జింగ్ పెట్టుకున్నోనికి పెట్రోల్ పైసల మిగులు ఏడాదికి 88 వేలు. ఒక్క ఏడాదిలనే తేడా తీరిపోతది, మిగిలిన ఏడేండ్లు లాభమే. అంటే రాష్ట్రం మాఫీ ఇయ్యకున్నా కరెంటు బండి కొననీకె అతనికి కారణం ఉన్నది. మనం ఇడిసిపెడుతున్న 9 లక్షలు ఊరికె పోతున్నయి.

బయట ఏం చేస్తున్నరు?

కరెంటు కార్లల్ల ప్రపంచానికే ముందున్న నార్వే, 2023ల 5 లక్షల క్రోనర్ల దాకనే వ్యాట్ మాఫీ అన్నది, మన పైసలల్ల 40 లక్షలు. ఆ పైన ధరకు 25 శాతం కట్టాల్సి వచ్చేది. చైనాల 2024, 2025 సంవత్సరాలల్ల ఒక్కో బండికి మాఫీ 30 వేల యువాన్లు దాటకుంట హద్దు పెట్టిండ్రు. అమెరికాల 7,500 డాలర్ల రాయితీ ఉన్నన్ని రోజులు 55 వేల డాలర్లు దాటిన కారుకు, 80 వేలు దాటిన ఎస్‌యూవీకి ఇయ్యలే. బ్రిటన్‌ల 2025 ఏప్రిల్‌ల 40 వేల పౌండ్లు దాటిన కరెంటు కార్లకు అదనపు పన్ను ఏసిండ్రు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న కర్ణాటక 2024ల 25 లక్షలు దాటిన కరెంటు కార్లకు 10 శాతం లైఫ్ టాక్స్ పెట్టింది. మహారాష్ట్ర 2025 బడ్జెట్‌ల 30 లక్షలు దాటినవాటికి 6 శాతం పెడతమన్నది, నెల తిరగకముందే ముఖ్యమంత్రి దాన్ని ఎన్కకు తీసుకున్నడు. కేంద్రం గూడ ఫేమ్ రెండో స్కీంల ప్రైవేటు కార్లకు సబ్సిడీ ఇయ్యలే, కిరాయికి తిరిగే కార్లకే, అదీ 15 లక్షల లోపు ధర ఉంటేనే ఇచ్చింది. తర్వాత తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ స్కీంల గూడ బస్సులు, ఆటోలు, స్కూటర్లు, అంబులెన్సులు, లారీలనే పెట్టిండ్రు, సొంత కార్లను పెట్టలే. హద్దు పెట్టుడు అభివృద్ధికి అడ్డం గాదని ఇవన్నీ చెప్తున్నయి.

మనం అడగాల్సింది

కరెంటు బండ్లకు మాఫీ వద్దని నేనంటలేను. స్కూటర్‌కు ఉండాలె, ఆటోకు ఉండాలె, ట్రాక్టర్‌కు, బస్సుకు, 15, 20 లక్షల లోపు కుటుంబం కారుకు ఉండాలె. 25 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ ఏయాలె, ఎంత పెద్ద ధర అయితే అంత పెద్ద రేటు. ఆ పైసలు ఎక్కడ పెట్టాల్నో చెప్పనీకె గూడ కష్టం లేదు. ఒక ఎలక్ట్రిక్ బస్సు ధర కోటి దాటుతది. నాలుగు ఐ7 కార్ల మీద ఇడిసిపెట్టిన లైఫ్ టాక్స్ ఒక కోటి 40 లక్షలు. మహాలక్ష్మి వచ్చినంక అక్కలు, అమ్మలు బస్సుల నిలబడి పోతున్నరు. కరీంనగర్‌ల 2024 సెప్టెంబర్‌ల 35 కరెంటు బస్సులు మొదలైనయి. మన మండలానికి ఎప్పుడొస్తయి? మండల కేంద్రంల ఆటోలు, స్కూటర్లు చార్జింగ్ పెట్టుకునే జాగ ఎప్పుడొస్తది?

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు చేయగలిగే పని ఒకటి చెప్త. రవాణా శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. ఫీజు 10 రూపాయలే, దారిద్ర్య రేఖ కింద ఉన్నోళ్లకు అది గూడ లేదు. మూడు ప్రశ్నలు చాలు: 2024 నవంబర్ సంది మాఫీ పొందిన కరెంటు కార్లు ఎన్ని? వాటిల్ల షోరూం ధర 25 లక్షలు, 50 లక్షలు, కోటి దాటినయి ఎన్నెన్ని? ఆ మూడు వరుసలకు ఇడిసిపెట్టిన లైఫ్ టాక్స్ ఎంతెంత? 30 రోజులల్ల జవాబు రావాలె. ఆ కాయితం చేతికి వచ్చినంక మీ ఎమ్మెల్యే ఊర్లెకు వచ్చినప్పుడు ముంగట పెట్టుండ్రి. జీవో గడువు 2026 డిసెంబర్ 31. పొడిగించేటప్పుడు ధర హద్దు పెడతరా లేదా అని అప్పటికి ముందే అడిగితేనే పని అయితది.